ఖాళీ ఝూలా బరువు

పంతొమ్మిదింటిని ఐదుకు దించాను. కలకత్తాలో ఆ రోజుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్లలో నా అంత గట్టిగా బేరమాడినవాడు ఇంకొకడు లేడని ఇప్పటికీ నా నమ్మకం. ఒక్క మధ్యాహ్నంలో పద్నాలుగు కాల్‌బ్యాక్‌లు ఎగరగొట్టాను. రెండుసార్లు టీ వచ్చింది, ఒకసారి ఎదుటి మనిషి కళ్లలో నీళ్లు వచ్చాయి. తీసేసినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ తీసెయ్యాల్సినవే. ఆ ఒక్కదాన్ని తీసేసినందుకే నేను ఎక్కువ గర్వపడ్డాను. ఓడల యార్డుకు వెళ్లిన రోజు దాకా దాని గురించి నలుగురికీ చెప్పుకు తిరిగాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏ భాష నేర్చుకోవాలి, ఏ కంపెనీ మంచిది అని నన్ను అడుగుతారు. నాకు తెలియదు. నాకొచ్చిన ప్రోగ్రామింగ్ భాషలు నాకంటే ముందే రిటైరయ్యాయి. తెలిసిన సంగతి ఒకటుంది, అది రాస్తాను.

అరలు ఖాళీగా కనబడకూడదు

నేను గార్డెన్ రీచ్‌లో పుట్టాను. నాన్న టెక్కలి వైపు నుంచి వచ్చి, రేవు కూలీలుండే వాడలో పచారీ కొట్టు పెట్టాడు. పెదనాన్నది హౌరాలో ఇనప సామాన్ల కొట్టు, మేనమామది షాలిమార్ గూడ్సు యార్డు బయట పొగాకు దుకాణం. మా ఇళ్లల్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఎదుటివాడి ముఖం చదవడం వచ్చేది.

నాన్న నాకు నేర్పిన వ్యాపారమంతా ఒక్క మాటలో చెప్పొచ్చు: అర ఖాళీగా కనబడకూడదు. కందిపప్పు అయిపోతే ఆ చోట ఖాళీ బిస్కట్ డబ్బాలు వరసగా పేర్చేవాడు. దుకాణం నిండుగా ఉందనుకుంటే మనిషి ఆగుతాడు, ఖాళీ కనబడితే పక్క కొట్టుకు నడుస్తాడు. ఆ డబ్బాలు తుడిచే పని నాది. లోపల ఏమీ లేని డబ్బాలను రోజూ అంత శ్రద్ధగా తుడిచిన చేతులు, ఆ తరవాత ఇంజనీరింగ్ చదివాయి.

ఉద్యోగం బరువులు కొలిచే ప్యానెళ్లు తయారుచేసే చిన్న కంపెనీలో. కాటాలు, కొలిచే పరికరాలు రకరకాల వాళ్లు చేసేవారు, వాటి అంకెలు చూపించే ప్యానెల్ మాది. ప్రతి పరికరానికీ మా ప్యానెల్‌కూ మధ్య మాట కలపడానికి ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు. దాన్ని పరికరం చేసినవాళ్లే రాసుకోవాలి, ఎలా రాయాలో నియమాలు మేమిస్తాం. ఆ నియమాల్లో కాల్‌బ్యాక్‌లు ఉంటాయి.

కాల్‌బ్యాక్ అంటే ఏమిటో నాకు పుస్తకం కంటే ముందు మా అమ్మ చెప్పింది. మధ్యాహ్నం పడుకోబోతూ నన్ను కొట్లో కూర్చోబెట్టి, ‘నూనె డబ్బాలవాడొస్తే లేపు. మీ అత్త వస్తే లేపకు, నిద్రపోతోందని చెప్పు. వానొస్తే బియ్యం బస్తా లోపలికి లాగు’ అనేది. ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యమని ముందే అప్పజెప్పి పోవడం. అంతే. మా ప్యానెల్‌కు డ్రైవర్ రాసేవాడు అలాంటి అప్పగింతలు పంతొమ్మిది రాసి ఇవ్వాలి. పరికరంతో మాట కలిపే తలుపు తీస్తే ఒకటి, వెయ్యబోతే ఒకటి, వేశాక ఇంకొకటి. ఎవరికీ ఓపిక లేదు. సగం ఖాళీగా వదిలేసి, పేరుకు మాత్రం పెట్టి పంపేవారు. ప్యానెల్ ఆగిపోతే తిట్లు మాకు.

మాళబికతో బేరం

ఆ పంతొమ్మిదీ రాసింది మాళబిక. నాకంటే వయసులో పెద్దది, మాట తక్కువ. కాగితం మీద గీత గీస్తే స్కేలు పెట్టినట్టుండేది. నేను ఆ విభాగానికి పెద్దనయ్యాక మొదటి పనిగా ఆమెను కూర్చోబెట్టి ఒక్కోటీ అడిగాను, ఇది లేకపోతే ఏమవుతుందని. ఆమె చెప్పేది, నేను కొట్టేసేవాణ్ని. ‘వెయ్యబోతే’, ‘వేశాక’ రెండూ కలిపి ఒకటి. అరడజను రకాల తప్పులకు అరడజను కాల్‌బ్యాక్‌లుంటే, అన్నిటికీ కలిపి ఒకటి. ఆమె కూడా ఒప్పుకుంది. నిజంగానే బాగుపడుతోందని నవ్వింది కూడా.

చివరికి ‘నిశ్శబ్దం’ దగ్గర ఆగాం. పరికరం కాసేపు ఏమీ పంపకపోతే పిలిచేది అది. అది పిలిస్తే డ్రైవర్, ‘ఇక నా అంకెను నమ్మకండి’ అని చెప్పాలి. అప్పుడు ప్యానెల్ మీద అంకె పోయి, ఖాళీ గీతలు కనబడతాయి.

“దీన్ని ఇంతవరకూ ఎవడైనా సరిగా రాశాడా?” అన్నాను.

“లేదు.”

“మరెందుకు? అరకొరగా రాసినవాళ్ల దగ్గర తీగ కాస్త కదిలితే చాలు, ప్యానెల్ ఖాళీ అయిపోతోంది. ‘మీ డబ్బా చచ్చిపోయింది’ అని కొన్నవాళ్లు ఫోన్లు చేస్తున్నారు.”

“చచ్చిపోయినట్టే కదా రావ్. ఏమీ తెలియనప్పుడు తెలియదని చెప్పాలిగా.”

“చెప్పొద్దు. చివరి కొన్ని క్షణాల అంకెలు మన దగ్గర ఎలాగూ దాచిపెట్టి ఉంటాయి. కొత్తవి రాకపోతే అవే మళ్లీ చూపిద్దాం. తీగ సర్దుకున్నాక కొత్తవి వస్తాయి. ఎవడికీ తేడా తెలియదు.”

ఆమె పెన్ను కింద పెట్టేసింది. “నువ్వు ఇంజనీరువి కాదు, కొట్టువాడివి” అంది. అప్పుడే ఆమె కళ్లు తడిశాయి. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. ఖాళీ అర ముందు డబ్బాలు పేర్చేశాను. ఫోన్లు ఆగిపోయాయి. డ్రైవర్లు రాసేవాళ్లు మిఠాయి పంపారు. కొన్నాళ్లకు మాళబిక వేరే ఉద్యోగం చూసుకుంది. వెళ్లేటప్పుడు ఎవరితోనూ ఏమీ అనలేదు.

దిగనివాడు

ఆ తరవాతి చలికాలం నదీతీరంలోని ఓడల మరమ్మతు యార్డు నుంచి కబురొచ్చింది. అక్కడి క్రేనుకు ఒక ఇనప బుట్ట తగిలించి, అందులో మనిషిని నిలబెట్టి, ఓడ పక్కలకు రంగు వేయిస్తారు. కూలీలు దాన్ని ఝూలా అంటారు. ఓడ పొట్ట అడ్డం వల్ల కేబిన్లో కూర్చున్న ఆపరేటర్‌కు ఝూలా కనబడదు. అందుకని ఝూలా అడుగున బరువు కొలిచే పరికరం, కేబిన్లో మా ప్యానెల్ పెట్టారు. బరువుంటే మనిషి ఉన్నట్టు, సున్నా ఉంటే దిగినట్టు. ప్యానెల్ రాకముందు కింద సైగలు చేయడానికి ఒక మనిషి ఉండేవాడు. అతన్ని వేరే చోటికి మార్చేశారు.

ఆపరేటర్ పేరు సింహాచలం. మా వాడలో మూడిళ్ల అవతల మనిషి, నన్ను నిక్కర్లో చూసినవాడు. ఖాళీ ఝూలాను కదపనంటున్నాడట. అందులో ఎవరో ఉన్నారంటున్నాడట. యార్డు మేనేజర్ లాహిరీ నాతో టీ తాగుతూ చెప్పాడు.

“మీరు ప్యానెల్ చూసి, బాగుందని రాసివ్వండి. ఇవాళ కూడా తిప్పనంటే మతి సరిగా లేదని డాక్టర్ల బోర్డుకు పంపుతాను. క్రేను సీటు పోతుంది, క్వార్టరూ పోతుంది. యూనియన్ వాళ్లు కూడా మాట్లాడరు, దయ్యాల కోసం సమ్మె చెయ్యలేరు కదా.”

బయట పొగమంచు ఇంకా విడలేదు. నది కనబడటం లేదు, లాంచీల హారన్లు మాత్రం వినబడుతున్నాయి. నిచ్చెన ఎక్కి కేబిన్లోకి వెళ్లాను. సింహాచలం మఫ్లర్ చుట్టుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు.

“ఏటి నర్సిమ్మా, నువ్వేటి వొచ్చీసినావ్? ఈ డబ్బా మీదేనటగా.”

“మాదే మావా.”

“అనుకున్నాన్లే. మీ బాబు కాటా కింద సింతపండు ముద్ద అంటించీవోడు. నువ్వు సదువుకున్నావు కదా, కరెంటుతో అంటించినావు.”

నవ్వాను. అతను నవ్వలేదు. ప్యానెల్ వైపు గడ్డంతో చూపించాడు. అరవై నాలుగు కిలోలు. కింద, ఓడకు అవతల, రంగు వేసే మహతో పొద్దుటి వంతు ముగించి దిగిపోయాడు. అతను గేటు దగ్గర బీడీ కాలుస్తుంటే నేను చూసే పైకెక్కాను. ఝూలా నేల మీద ఖాళీగా ఉంది.

“మహతో దిగీసినాడు మావా. నేను చూశాను.”

“ఆడు దిగినాడు. ఇంకోడు దిగనేదు.”

అప్పుడు చెప్పాడు. ప్యానెల్ రాకముందు యార్డులో ఒక పద్ధతి ఉండేది. ఝూలా ఎక్కినవాడు నట్లు బిగించే పాన పట్టుకుని కమ్మీ మీద ఒక దెబ్బ కొట్టాలి. దిగినవాడు రెండు దెబ్బలు. మధ్యలో అనుమానం వస్తే ఆపరేటర్ గంట మోగిస్తాడు, లోపల మనిషుంటే ఒక దెబ్బతో జవాబివ్వాలి. బంగార్రాజు అనే రంగులవాడు కొట్టే తీరు వేరు. ఒక దెబ్బ కొట్టి, పానను కమ్మీ పొడుగునా గర్రుమని ఈడ్చేవాడు. ఆ చప్పుడు వింటే అందరికీ పళ్లు జివ్వుమనేవి. ఒకరోజు ఝూలా పైనుండగానే అతనికి గుండె ఆగిపోయింది. కిందికి దించి చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. నలుగురు కలిసి ఎత్తి బయట పెట్టారు.

“నలుగురూ ఎత్తీసినారు గానీ ఆడు దిగినట్టు రెండు దెబ్బలు ఎవడూ కొట్టనేదు” అన్నాడు సింహాచలం. “ఇన్నాళ్లూ నాకూ తట్టనేదు. నీ డబ్బా వొచ్చీసినాక తెలిసింది. సూడు, ఆడు కాలు మార్చుకుంతన్నాడు.”

చూశాను. అరవై నాలుగు. అరవై ఆరు. అరవై మూడు. కాసేపు అరవై నాలుగు మీద నిలిచి, మళ్లీ చిన్నగా కదిలింది. లైన్లో నిలబడ్డ మనిషి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఒరిగినట్టు. పాడైన పరికరం అంకెలు ఎగిరిపడతాయి, పిచ్చిగా పరిగెడతాయి. ఇవి అలా లేవు. ఓపిగ్గా ఉన్నాయి. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టున్నాయి.

అక్కడే నిలబడి ఆ కదలికలకు వేలితో తాళం వేశాను. ఒరగడం, నిలవడం, చిన్న తడబాటు. ఒరగడం, నిలవడం, అదే తడబాటు. బతికున్నవాడైనా, కానివాడైనా అంత ఖచ్చితంగా అవే కదలికలు మళ్లీ మళ్లీ కదలడు. ఆ ఒక్కో చుట్టు పొడవు నాకు తెలుసు. మాళబికతో కూర్చుని నేను నిర్ణయించిన పొడవే. ఝూలా నేలకు తగిలిన కుదుపులో తీగ వదులైంది. అప్పటికి మహతో ఇంకా లోపలే ఉన్నాడు. ఆ చివరి క్షణాలే ప్యానెల్ తిప్పి తిప్పి చూపిస్తోంది. ఇది దయ్యం కాదు, నేను పేర్చిన ఖాళీ డబ్బా.

తెలిశాక భయం పోవాలి. పోలేదు. నా చేత్తో చేసిన వస్తువు లేని మనిషిని నిలబెట్టి, కాలు మారుస్తూ ఆడిస్తోంది.

గంట

కిందికి దిగి లాహిరీతో తీగ వదులుగా ఉందన్నాను. అది నిజమే, సగం నిజం. మిగతా సగం చెబితే ఇలాంటి ప్యానెళ్లు ఇంకా ఎన్ని చోట్ల ఉన్నాయని అడుగుతాడు. ఆ జవాబు నాకు తెలుసు గనక ఆ ప్రశ్న రాకుండా చూసుకున్నాను. ముందు ఇక్కడి గొడవ సర్దేసి, ఆఫీసుకెళ్లాక గుట్టుగా బాగుచేద్దామనుకున్నాను. ఇది కూడా బేరమే. ఎలక్ట్రీషియన్ వచ్చి తీగ బిగించాడు. ఝూలాను ఖాళీగా ఒకసారి లేపి దించమని లాహిరీ చెప్పాడు. తాను పక్కన నిలబడి చూస్తానన్నాడు. సింహాచలం చేశాడు. ప్యానెల్ సున్నా చూపించింది. అందరం భోజనాలకు వెళ్లాం.

తిరిగొచ్చేసరికి మంచు విడిపోయి పల్చటి ఎండ వచ్చింది. నేను కేబిన్లో సింహాచలం పక్కన నిలబడ్డాను. ప్యానెల్ మీద సున్నా. లాహిరీ ఓడకు ఇటువైపు నిలబడి చెయ్యి ఊపాడు. ఝూలాను ఓడ మీదుగా ఇవతలి గట్టుకు మార్చాలి. దారిలో ఇనప దూలాల మధ్య నుంచి దాన్ని పక్కకు ఒంచి లాగాలి, లోపల మనిషి ఉంటే బయటికి పడిపోతాడు.

“సున్నా ఉంది మావా. తిప్పీ.”

“నాను గంట కొడతాను.”

“ఎందుకు? లాహిరీ మనల్నే చూస్తున్నాడు. ఇవాళ నువ్వు తిప్పకపోతే సీటు పోతుంది.”

“పోతే పోయింది. అడక్కుండా తిప్పను. ఆడు ఉన్నాడో నేడో ఆడే సెప్పాలి.”

అతను గంట తాడు లాగాడు. సరిగ్గా ఆ క్షణంలోనే నాకు తట్టింది. లేని మనిషిని చూపించగల ప్యానెల్, ఉన్న మనిషిని దాచనూ గలదు. ఖాళీ ఝూలా నేలకు తగిలినప్పుడు తీగ మళ్లీ వదులైతే, ఆ ఖాళీనే తిప్పి తిప్పి చూపిస్తుంది. ఆ తరవాత ఎవడెక్కినా సున్నాయే. సున్నాలో తడబాట్లు ఉండవు, వేలితో తాళం వేసి పట్టుకోలేం.

నోరు తెరవాలి. ‘ఆగు, ఈ సున్నాను నమ్మకు’ అంటే చాలు. అనలేదు. అంటే పొద్దుట దాచినదంతా చెప్పాలి. గంట మోగడం ఆగిపోయి, దాని రొద నది మీద సన్నగిల్లి పూర్తిగా పోయేదాకా నేను నోరు మూసుకునే ఉన్నాను.

ఓడ అవతల నుంచి ఠంగుమని ఒక దెబ్బ వినబడింది. వెంటనే కమ్మీ పొడుగునా ఇనుము ఈడ్చిన చప్పుడు.

నా పళ్లు జివ్వుమన్నాయి. సింహాచలం చేతులు లీవర్ల మీంచి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని ముఖంలో భయం కూడా లేదు, చాలాకాలానికి ఉత్తరం అందుకున్నవాడిలా ఉన్నాడు. ప్యానెల్ మీద సున్నా అలాగే ఉంది.

“ఆపండి” అని అప్పుడు అరిచాను కిందికి. అప్పటికే ఆగి ఉన్నదాన్ని.

లాహిరీ ఓడ చుట్టూ తిరిగి అవతలికి పరిగెత్తాడు. ఝూలాలో మహతో ఉన్నాడు. చలికి చెవుల్లో దూది పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, గాలి తగలని చోటని అందులో ముడుచుకుని నిద్రపోతున్నాడు. భుజం పట్టి కుదిపితే లేచాడు. నేను వెళ్లేసరికి కళ్లు నులుముకుంటున్నాడు.

“గంట విని కొట్టావు కదా, బతికిపోయావు” అన్నాను హిందీలో.

“ఏం గంట సాబ్? నేను దేన్నీ కొట్టలేదు. కొట్టడానికి నా దగ్గరేముంది?”

నిజమే. దుప్పటి, టిఫిన్ డబ్బా, బీడీ కట్ట తప్ప అతని దగ్గర ఏమీ లేవు. ఝూలా కమ్మీ మీద రంగు కింద ఒక పాత గీత ఉంది. అది కొత్తదో పాతదో పట్టిపట్టి చూడలేదు. చూడాలని అనిపించలేదు. వేలాడే గొలుసు ఏదైనా గాలికి తగిలి ఉండొచ్చు. ఆ రోజు గాలి ఉంది.

కొత్తవాళ్లకు

కాల్‌బ్యాక్‌లు తగ్గించడం మంచి పనే, ఆ మాటలో నేను వెనక్కి తగ్గను. ఎదుటివాడి మీద పెట్టే ప్రతి అప్పగింతా వాడు నిలబెట్టుకోవాల్సిన మాట. ఎక్కువ మాటలు అడిగితే ఏదీ నిలబెట్టడు. ఒకే సంగతిని రెండుసార్లు చెప్పేవి కలిపెయ్యండి. ‘ఏదో జరిగింది’ అని చెప్పేవాటి దగ్గర ఎంతైనా బేరమాడండి. ‘ఏమీ వినబడటం లేదు’ అని చెప్పేదాని జోలికి మాత్రం పోకండి. దాన్ని ఎవడూ సరిగా రాయడం లేదంటే అది అనవసరమని కాదు. రాయకుండా ఎవడూ తప్పించుకోలేని చోట, మన వైపే దాన్ని మనం రాసి పెట్టాలని అర్థం. నేను చివరికి అదే చేశాను. ఐదు ఆరయ్యాయి. కొత్త అంకె రాకపోతే ప్యానెల్ ఖాళీ గీతలు చూపించింది. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. ప్రతి ఫోనూ నేనే ఎత్తి, అవును, మాకు తెలియడం లేదు, వెళ్లి చూడండి అని చెప్పాను.

బిల్లు

సింహాచలం సీటు నిలిచింది. ఆ సాయంత్రమే లాహిరీకి మొత్తం చెప్పి, తప్పు ప్యానెల్‌దని, ప్యానెల్ తప్పు నాదని సంతకం పెట్టి ఇచ్చాను. ఇది నా జమలో వేసుకోను, సంతకం పెట్టేసరికి వేరే దారి లేదు.

మహతో బతికాడు. ఇదీ నా జమ కాదు.

యార్డులో పాన దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. ఎక్కితే ఒకటి, దిగితే రెండు. మొదటి రోజు సింహాచలం తానే కిందికి దిగి, ఖాళీ ఝూలా కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టి వచ్చాడట. ఎవరి తరఫునో ఎవరూ అడగలేదు.

మాళబికకు ఫోన్ చేసి ‘నిశ్శబ్దం’ మళ్లీ పెట్టానని చెప్పాను. “మంచిది” అని పెట్టేసింది. అంతకంటే ఎక్కువ రావాల్సింది నాకేమీ లేదు.

ఇక నా ఖర్చు: ఒక గంట మోగి ఆగేంతసేపు. అంతసేపు నాకు తెలుసు, నేను మాట్లాడలేదు. ఉద్యోగంలో నేను చేసిన మంచిపనులన్నీ ఒక పక్కన పెట్టి ఎంత బేరమాడినా ఈ పద్దు తగ్గడం లేదు.

మిగిలింది ఒక దెబ్బ, దాని వెంట ఒక గీత. ఆ జవాబు ఎవరిచ్చారో, ఎవరి పేరున రాయాలో తెలియలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను. దాని ముందు ఏ డబ్బా పెట్టలేదు.